షెడ్డులో కారు, చేతిలో గుడ్డ

దసరా నాడు భోజనాలయ్యాక మా బామ్మర్ది "బావా, కారెట్లున్నది?" అంటూ షట్టర్ ఎత్తాడు. నేను కొంచెం గర్వంగానే వెనక నిలబడ్డాను. 2022 చివర్లో కొన్న కారు. ఇప్పటికి తిరిగింది 20,000 కిలోమీటర్లు కూడా లేదు. ఎండ తగలదు, వానకు తడవదు, రోజూ పొద్దున తుడవనిదే నేను చాయ్ తాగను. వాడు ఏం మాట్లాడకుండా ఫోన్ టార్చి వేసి బానెట్ మీదికి పట్టాడు. నల్ల రంగు మీద, వెలుగు చుట్టూ సాలెపురుగు గూడు అల్లినట్టు సన్నటి గీతలు. ఒకటీ రెండూ కాదు. టార్చి ఎటు జరిపితే గూడు అటు జరుగుతోంది.

"రోజంతా ఎండల నిలబడే నా కారుకే ఇన్ని లేవు బావా. లోపల పెట్టుకొని ఏం జేసినవ్?"

వాడిది తెల్ల కారని, తెల్లదాని మీద ఇలాంటి గీతలు ఓ పట్టాన కనపడవని నాకు ఆ రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. అప్పటికి వాడు ఉప్పల్ దాటి ఉంటాడు.

ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. లోపల పెట్టుకొని నిజంగానే ఏం చేశాను? నెల రోజులు దీని మీదే పడ్డాను. చదివాను, ఇద్దరు ముగ్గురిని అడిగాను, ఇంట్లో నవ్వులపాలయ్యే ప్రయోగం కూడా ఒకటి చేశాను. చివరికి ఒప్పుకోవాల్సి వచ్చింది. షెడ్డులో ఉన్న కారు మీద దుమ్ము పడితే గీతలు పడవు. ఆ దుమ్మును పొడిగుడ్డతో తుడిస్తే పడతాయి. నా కారు మీదున్న గీతల్లో ముప్పాతిక నా చేతివే.

దుమ్ములో ఏమున్నది

మా ఇల్లు హన్మకొండ పక్కన భీమారంలో, కరీంనగర్ రోడ్డుకు రెండు సందులు లోపల. బాపు ఇల్లు కట్టించినప్పుడు సందు వైపు ఒక మడిగె తీసిపెట్టాడు, కిరాయికి పోతుందని. కొన్నాళ్లు జిరాక్స్ సెంటర్ నడిచింది, తర్వాత ఒక టైలర్ ఉన్నాడు, ఆ తర్వాత ఎవరూ రాలేదు. ఇప్పుడు అందులో కారు పడుకుంటోంది. షట్టర్ దించితే గాలి కూడా చొరబడదని అనుకుంటాం గానీ, కింద రెండు వేళ్ల సందు ఉంది, పైన షట్టర్ చుట్టుకునే డ్రమ్ము దగ్గర ఇంకో బెత్తెడు ఉంది. మెయిన్ రోడ్డు మీద గ్రానైట్ లారీలు పోతే ఆ సంగతి సాయంత్రానికి బానెట్ మీద తెలుస్తుంది. వడ్ల సీజన్‌లో రైసుమిల్లుల వైపు నుంచి ఊక బూడిద వస్తుంది. వేలితో తాకి చూస్తే కాటుకలాగా నల్లగా, మెత్తగా ఉంటుంది.

ఆ మెత్తదనం చూసే మోసపోతాం. మా అవ్వ బోళ్లు తోమింది ఆ బూడిదతోనే. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా, ఇసుకలో ఉండేది కూడా అదే. గ్రానైట్ పొడిలో క్వార్ట్జ్ ఉంటుంది, ఫెల్‌స్పార్ ఉంటుంది. రాళ్ల గట్టిదనానికి ఉన్న మోస్ కొలతలో వజ్రం 10, క్వార్ట్జ్ 7, ఫెల్‌స్పార్ 6. కిటికీ గాజు ఐదున్నర దగ్గరే ఆగిపోతుంది. కారు రంగు మీద వేసే క్లియర్ కోటు ఎంత గట్టిదన్నా ప్లాస్టిక్ జాతిదే, గాజు దాకా కూడా రాదు. దాని మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు. అంటే తల వెంట్రుకంత, చాలామంది వెంట్రుక కన్నా ఇంకా పలచన. అంత పలచటి పొర మీద మూడేళ్లపాటు రోజూ పొద్దున రాతిపొడి రుద్దుతూ, కారు మెరుస్తోందని సంతోషపడ్డాను.

పడిన దుమ్ము పడిన చోటే ఉంటే ఏ నష్టమూ లేదు. గీత పడాలంటే దాన్ని ఎవరో కిందికి అదమాలి, పక్కకు లాగాలి. గుడ్డ చేసేది ఆ రెండు పనులే.

ఇదంతా చదివాక కూడా నమ్మకం కుదరలేదు. ఒక ఆదివారం పాత సీడీ ఒకటి వెతికి తీశాను (పెళ్లిది కాదు, ఎప్పుడో కంప్యూటర్ పుస్తకంతో వచ్చింది, ఇంట్లో ఈ సంగతి రెండుసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది). సీడీ కూడా ప్లాస్టిక్కే, అద్దంలా ఉంటుంది, గీత పడితే దాచుకోలేదు. అంతకు ముందు వారం రోజులు దాన్ని కారు టాపు మీదే పెట్టి ఉంచాను. దుమ్ము సన్నగా పట్టింది. మధ్యకు మార్కర్‌తో గీత గీసి, ఒక సగాన్ని కొత్త మైక్రోఫైబర్ గుడ్డతో పొడిగా పదిసార్లు తుడిచాను. రెండో సగాన్ని నల్లా కింద పట్టి, నీళ్లు బాగా పారనిచ్చి, గుడ్డ ఇంకో మూల తడిపి అదే లెక్కన పదిసార్లు తుడిచాను. ట్యూబులైటు కింద పెట్టి చూస్తే, మొదటి సగంలో అచ్చం బానెట్ మీద ఉన్న గూడే. రెండో సగంలో వెతగ్గా వెతగ్గా రెండు గీతలు. గుడ్డ ఒకటే, చెయ్యి ఒకటే, దుమ్ము ఒకటే. తేడా నీళ్లది.

ఇంకో సంగతి కూడా ఆ సీడీతోనే తెలిసింది. నేను గుండ్రంగా తిప్పి తుడవలేదు, అటూ ఇటూ ఎలా పడితే అలా తుడిచాను. అయినా గూడు గుండ్రంగానే కనిపించింది. గీతలు అన్ని దిక్కులా ఉంటాయట, వెలుగుకు అడ్డంగా ఉన్నవే మెరిసి దాని చుట్టూ వలయంలా కనపడతాయట. కాబట్టి "గుండ్రంగా తుడవకు, నిలువుగా తుడువు" అనే సలహాతో పెద్దగా ఒరిగేదేం లేదు. పొడిగా తుడిస్తే ఎటు తుడిచినా ఒకటే.

బాపు గుడ్డ

ఈ అలవాటు నాకు బాపు దగ్గర్నుంచి వచ్చింది. ఆయన ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసేవాడు. చేతక్ స్కూటర్ ఉండేది. సీటు కింద ఎప్పుడూ ఒక గుప్పెడు నూలు వేస్టు. పొద్దున లేచి, ముఖం కూడా కడగకముందే స్కూటర్ తుడిచేవాడు. తుడిచిన బండి ఉందంటే ఆ ఇంట్లో పట్టించుకునే మనిషి ఉన్నాడని గల్లీలో లెక్క. దుమ్ముకొట్టుకుపోయిన బండి ఉందంటే పెద్దమనిషికి ఒంట్లో బాగాలేదేమో అని అడిగేవాళ్లు.

ఆ రోజుల బండ్ల మీద క్లియర్ కోటు లేదు, పైన ఉన్నది రంగే. పాలిష్ పెట్టి రుద్దితే గుడ్డకు రంగు అంటుకునేది. గీతలు పడితే ఇంకాస్త రుద్దితే పోయేవి, ఐదారేళ్లకు రంగు వెలిసిపోతే మళ్లీ వేయించుకునేవాళ్లు. బాపు చేసింది తప్పని నేను అనలేను. ఆయన పద్ధతిని తీసుకొచ్చి ఈ కారు మీద పెట్టడం నా తప్పు. తెల్లది కొనమని పదిమంది చెప్పినా వినకుండా నల్లది కొనుక్కోవడం దాని పైన ఇంకో తప్పు.

అన్నిటికన్నా పెద్దది 2024 ఫిబ్రవరిలో చేశాను. మేడారం పోయాం. తాడ్వాయి దాటిన దగ్గర్నుంచి బండి వెనక బండి, కిటికీలు దించలేనంత ఎర్రదుమ్ము. తల్లులకు బంగారం (బెల్లమే) సమర్పించుకొని, రాత్రి రెండింటికి ఇల్లు చేరాం. కారుది ఏ రంగో గుర్తుపట్టేటట్టు లేదు. పొద్దున లేచి దాన్ని చూస్తే నాకే సిగ్గనిపించింది. ఆ రోజు నల్లా వచ్చే రోజు కాదు. పాత బనీను పట్టుకొని అరగంట పొడిగా తుడిచాను. బనీను దులిపినప్పుడల్లా గోడ మీద ఎర్ర మరక. దుమ్ము కింద ఇసుక పలుకులు కరకరలాడుతుంటే, బాగా పోతోంది అనుకున్నాను. ఇప్పుడు ఆ చప్పుడు గుర్తొస్తే పళ్లు జివ్వుమంటాయి.

కవర్ సంగతి

తుడవడం మానేసి కవర్ కప్పితే సరిపోదా అని మీరనుకోవచ్చు. నేనూ ఒకప్పుడు అనుకున్నాను. బయట నిలబెట్టే బండ్లకు వాడే వెండి రంగు కవర్ ఒకటి 1,200 పెట్టి కొన్నాను. మూడు నెలలు వాడాక ఒక రోజు నా పని నేనే నిదానంగా గమనించుకున్నాను.

కవర్ కింది అంచుకు ఎలాస్టిక్ ఉంటుంది. అది టైర్ల పక్కన నేలకు ఆనుతుంది, నేల మీది ఇసుక దానికి అంటుతుంది. తీసేటప్పుడు ముందు అంచు పట్టుకొని వెనక్కి ఈడ్చుకుంటూ పోతాం. అంతసేపూ నేల మీద ఉన్న ఆ అంచు బానెట్ ఎక్కి, అద్దం ఎక్కి, టాపు మీదుగా పాకి డిక్కీ దగ్గర కిందపడుతుంది. దాన్ని ఉండ చుట్టి మూలకు నెడతాం. మరునాడు ఏది లోపలి వైపో ఏది బయటి వైపో చూడకుండా కప్పుతాం. నిన్న దుమ్ము పట్టిన వైపు ఇవాళ రంగు మీదికి వస్తుంది. పైగా షట్టర్ కింది సందులోంచి గాలి వచ్చినప్పుడల్లా కవర్ సన్నగా అలలు పోతూ కారును రుద్దుతూనే ఉంటుంది. నేను కప్పుతున్నది కవరో ఉప్పుకాగితమో నాకే అర్థం కాలేదు.

ఎలుకల మాట సరేసరి. కవర్ కింద వెచ్చగా, చీకటిగా ఉంటుంది. బానెట్ లోపల పొగాకు కాడలు పెట్టమని ఒకరు, కలరా ఉండలు పెట్టమని ఒకరు చెప్పారు. రెండూ పెట్టాను. ఎలుక వాటి పక్కనే గూడు పెట్టింది. కవర్ తీసేశాక రావడం తగ్గింది.

అయితే కవర్ అసలే వద్దని నేను అనడం లేదు. అమ్మాయిని చూడ్డానికి బెంగళూరు పోయి నెల రోజులు ఉన్నప్పుడు కప్పే పోయాను. అది లోపల వాడే మెత్తటి గుడ్డ కవర్, గాలి ఆడేది. ముందు కారు కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు కప్పాను. తీసేటప్పుడు రెండు పక్కల అంచులనూ ఎత్తి టాపు మీదికి మడిచి, బయటి వైపు మీద బయటి వైపే పడేటట్టు చూసి, ముందు నుంచి వెనక్కి చాపలాగా చుట్టుకుంటూ వచ్చాను. ఈ పని రోజూ పొద్దున ఎనిమిదింటికి ఆఫీసుకు పోయేవాడు చేయగలడా? నా వల్ల కాదు. రోజూ తీసే కారుకు అందుకే కవర్ వద్దంటున్నాను.

మరి అలాగే వదిలేయాలా

ఈ మాట మా ఆవిడ అడిగింది, కొంచెం గొంతు పెంచే అడిగింది. ఆమె వాదనలో బలం లేకపోలేదు. దుమ్ములన్నీ ఒకటి కావు.

పక్క ప్లాటులో ఇల్లు కడుతున్నారు. సిమెంటు దుమ్ము వచ్చి పడుతుంది. మంచు కురిసే రోజుల్లో దానికి తేమ తగిలితే గట్టిపడి కూర్చుంటుంది. దాన్ని వదిలేస్తే రంగు పాడవుతుంది, అదే రోజు నీళ్లు పోసి కడిగేయాల్సిందే. బల్లి రెట్ట కూడా అంతే. షెడ్డులో కారుకు పిట్టల బాధ లేదని మురిసిపోతాం గానీ ట్యూబులైటు ఉన్నచోట బల్లి ఉంటుంది, దాని కింద కారు ఉంటుంది. రెట్ట రెండు రోజులుంటే తుడిచినా మచ్చ మిగులుతుంది. దాని మీద తడిగుడ్డ పది నిమిషాలు వేసి, నానాక అద్ది తీయాలి. గోటితో గీకితే గీత పడుతుంది. నేను గీకాను.

ఇక దసరా పూజ. బానెట్ మీద గంధంతో స్వస్తికం, పసుపు, కుంకుమ, బంతిపూల దండ. దండ గుచ్చింది సన్నటి ఇనుప తీగకు, దాని కొన హెడ్‌లైటు పక్కన ఇంచు పొడుగు గీత పెట్టింది. పూజ నాడే బొట్టు తీయడం ఇంట్లో అశుభం. వారం తర్వాత గంధం ఎండి పెచ్చు కట్టింది. కిందటేడు దాన్ని పొడిగుడ్డతో రుద్ది తీశాను. ఈసారి మా ఆవిడే అడిగి మరీ నెంబరు ప్లేటు మీద బొట్టు పెట్టింది. దండకు దారం వాడింది. టార్చి వెలుగులో ఆమె కూడా చూసింది కదా.

కాబట్టి నా మాటను కొంచెం సర్దుకుంటున్నాను. పొడి దుమ్ము పదిహేను రోజులున్నా ఏం కాదు. తడి తగిలి అంటుకునేది ఏదైనా వెంటనే పోవాలి. దేన్నీ పొడిగుడ్డతో మాత్రం తాకవద్దు.

నీళ్లు ఎక్కడివి అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మా బోరు నీళ్లతో కడిగితే ఆరాక తెల్లటి చుక్కలు. వాటర్ ఫిల్టర్ నుంచి వదిలే నీళ్లు వృథా పోతున్నాయి కదా అని ఒక నెల వాటితో కడిగాను, చుక్కలు ఇంకా ఎక్కువయ్యాయి. కావడమే సహజం, మంచి నీళ్లలోంచి తీసిన ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. ఏసీ నీళ్లు మంచివి. ఎండాకాలం రాత్రంతా నడిస్తే పొద్దునకల్లా పెద్ద బకెట్ నిండుతుంది, అందులో ఉప్పుండదు. నల్లా వచ్చిన రోజు మగ్గుతో పైనుంచి కిందికి నీళ్లు పోసి, దుమ్మును దాని దారిన పోనిచ్చి, ఆ తర్వాతే షాంపూ, స్పాంజి. స్పాంజి జాడించే బకెట్ వేరే ఉండాలి. చివర ఏసీ నీళ్లు. అంతా కలిపి నాలుగు బకెట్లు దాటదు. రోజూ అర బకెట్‌లో గుడ్డ ముంచి తుడిచినా పదిహేను రోజులకు ఏడెనిమిది బకెట్లు అవుతాయి, అదీ బకెట్ అడుగున ఇసుక పేరుకున్న నీళ్లు.

షెడ్డు విషయానికొస్తే, దుమ్ములో సగం బయటి నుంచి వచ్చేది కానే కాదు. పొద్దున చీపురుతో పొడిగా ఊడ్చేవాళ్లం, లేచిందంతా కారు మీద కూర్చునేది. ఇప్పుడు వాకిట్లో సాంపి (కళ్లాపి) చల్లినట్టు ముందు నాలుగు చెంబులు చల్లి ఊడుస్తున్నాం. షట్టర్ డ్రమ్ముకు రేకు కొట్టించాను, తెరిచినప్పుడల్లా తుప్పు రాలడం ఆగింది. డోరు తగిలే గోడకు పాత పరుపు ముక్క. అమ్మాయి సైకిల్ పైకి పోయింది, కానీ దాని పెడల్ చేసిన గీత కారు మీదే ఉంది. గోరు పెట్టి లాగితే పట్టుకుంటుంది. అలా పట్టుకుందంటే గీత లోతుగా దిగినట్టే, పాలిష్‌తో పోదు.

9హెచ్ మాట

గీతలు పోగొట్టుకుందామని కార్లకు మెరుగు పెట్టే ఒక డిటైలింగ్ షాపుకు పోయాను. ముందు కాంపౌండ్ పాలిష్ చేసి, పైన సిరామిక్ కోటింగ్ వేస్తాం, 18,000 అవుతుంది అన్నాడు ఆ పిల్లవాడు. "9హెచ్ సార్, రాయితో గీసినా పడదు" అన్నాడు. ఆ 9హెచ్ పెన్సిళ్ల లెక్క. రంగు పూత మీద పెన్సిల్‌ను వంచి పట్టి నెడతారు, 9హెచ్ అంటే ఆ వరసలో అన్నిటికన్నా గట్టి పెన్సిల్. మోస్ కొలతలో తొమ్మిదికీ దీనికీ సంబంధం లేదు. మోస్ 9 అంటే కెంపు, నీలం. కారు మీద కెంపు పొర వేస్తామంటే 18,000కు ఎవరిస్తారు? కోటింగ్ వల్ల లాభం లేకపోలేదు, నీళ్లు పోస్తే దుమ్ము తొందరగా జారిపోతుంది. అది నాకు కావలసిందే. ఇసుక రుద్దితే మాత్రం దాని మీదా గీతలు పడతాయి.

పాలిష్ సంగతి ఇంకా ఆలోచించాల్సింది. 1163లో కట్టిన వేయిస్తంభాల గుడిలో నల్లరాతి స్తంభాలు ఇప్పటికీ ఎట్లా మెరుస్తాయో మనకు తెలుసు. రాయిని నునుపు చేయడమంటే దాన్ని అరగదీయడమే. ముతక గీతలు పోయేదాకా సన్న గీతలు, అవీ కంటికి ఆననంత సన్నబడేదాకా ఇంకా సన్నవి. కారు పాలిష్ కూడా అదే పని. కాకతీయుల శిల్పి దగ్గర అడుగుల మందాన రాయి ఉంది. నా దగ్గర 40 మైక్రాన్లున్నాయి. జీవితంలో రెండు మూడు సార్లకు మించి ఆ ఖర్చు పెట్టుకోలేను. అందుకే ఇప్పుడు చేయించలేదు. ముందు చెయ్యి అదుపులోకి రావాలి.

ఒక అనుమానం ఇంకా ఉంది. పాత బండ్లు కొని అమ్మే ఆయన్ను అడిగితే నవ్వాడు. "ఈ గీతలెవడు జూస్తడు సారూ, డోరుకు మళ్ల పెయింటేసిన్రా లేదా అదే జూస్తం" అన్నాడు. అంటే డబ్బు లెక్కన నేను పోగొట్టుకున్నది దాదాపు ఏమీ లేదు. టార్చి వేస్తే తప్ప కనపడని గీతల కోసం ఇంత రాద్ధాంతం అవసరమా? నిజానికి కారు పాడవుతుందన్న బాధ కన్నా, బాగు చేస్తున్నాననుకుంటూ పాడు చేశానన్న ఉక్రోషమే నాలో ఎక్కువ. దాన్ని ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

తుడవడం మానేసి ఆరు వారాలైంది. మొదటి వారం చేతులు ఊరుకోలేదు, చాయ్ గ్లాసు పట్టుకొని కారు చుట్టూ తిరిగాను. గల్లీలో ఇద్దరు అడిగారు, కారు అమ్మకానికి పెట్టారా అని. నిన్న సాయంత్రం ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టరు గారు వచ్చారు. షట్టర్ ఎత్తి ఉంది. పింఛను సంగతి మాట్లాడుతూ మాట్లాడుతూ బానెట్ వైపు చూశారు.

"ఏం సారూ, గింత దుమ్ము పట్టనిచ్చిన్రు? మీ బాపు ఉంటే ఊకుంటుండెనా?" అంటూ భుజం మీది కండువా తీశారు. నేను నోరు తెరిచేలోపే రెండుసార్లు గట్టిగా రుద్దారు. పదిహేను రోజుల దుమ్ము మధ్యలో, పళ్లెమంత మేర, నల్లగా తళతళలాడుతూ బయటపడింది. ఆయన వెనక్కి జరిగి తృప్తిగా చూసుకున్నారు.

"సూడు, ఎంత మంచిగ మెరుస్తున్నదో."

మెరుస్తున్న మాట నిజం. "చాయ్ తాగుదాం రాండ్రి సార్" అని చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయాను. పోతూ పోతూ రెండో చేత్తో షట్టర్ దించాను.